ఆస్ట్రేలియా ద్రాక్ష అంతా ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా ద్రాక్షతోటల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. దేశమంతా ఒకటే ఎండ, ఒకటే షిరాజ్ (వైన్ చేసే నల్లద్రాక్ష రకం) అన్నట్టు రాయడం బాధ కలిగించింది. అడిలైడ్‌లో ఉంటూ ఏటా కోతల కాలంలో తోటలు చూసి వస్తాను కాబట్టి రాస్తున్నాను.

అడిలైడ్ దగ్గరి బరోస్సా లోయ వేడి ప్రాంతమే, అక్కడ షిరాజ్‌దే పెత్తనం. కానీ దాన్ని ఆనుకుని ఎత్తులో ఉన్న ఈడెన్ వ్యాలీ చల్లగా ఉంటుంది, రీస్లింగ్ అనే ద్రాక్ష రకానికి పేరు. మా దక్షిణ ఆస్ట్రేలియాలోనే ఉన్న కూనవర్రాలో సున్నపురాయి మీది ఎర్రమట్టిలో కాబర్నే సావిన్యో రకం పండుతుంది. సిడ్నీకి ఉత్తరాన హంటర్ వ్యాలీలో ఉక్కపోత, కోతల వేళకే వానలు. అందుకే సెమియాన్ రకం గుత్తుల్ని పులుపు ఉండగానే కోసేస్తారు. టాస్మేనియా ద్వీపంలో చలికి పినో న్వార్, షార్డనే రకాలు పండుతాయి.

మీరు అసలు వదిలేసిన సంగతి ఒకటుంది. బరోస్సాలో 1843లో నాటిన షిరాజ్ తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి! యూరప్ తోటల్ని నాశనం చేసిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు 1877లో విక్టోరియాలోని జీలాంగ్‌లో బయటపడింది. దక్షిణ ఆస్ట్రేలియా 1899లోనే దాన్ని అడ్డుకోవడానికి చట్టం తెచ్చుకుంది. ఇప్పటిదాకా పురుగు ఇక్కడికి రాలేదు, అందుకే ఆ పాత తీగలు మిగిలాయి.

అది చెప్పులకు అంటిన మట్టితో కూడా వస్తుంది. పిల్లల్ని చూడటానికి వచ్చే మన తల్లిదండ్రులు చాలామంది ఈ తోటలకు వెళ్తున్నారు. ఒక తోట నుంచి ఇంకో తోటకు వెళ్లేముందు చెప్పులు శుభ్రం చేసుకోవాలని, అనుమతి లేకుండా సాళ్లలోకి దిగొద్దని దయచేసి మీ పత్రికలో వేయండి.

– ఒక పాఠకురాలు, అడిలైడ్