పక్క గదికి ఫోన్, ముంబయి మీదుగా

సంపాదకుల వారికి, నమస్కారం.

మా కార్యాలయంలో లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి కలిపే, గోడకు బిగించిన పాత ఈపీఏబీఎక్స్ పెట్టెను తొలగించి, నెలసరి అద్దెపై దొరికే ఇంటర్నెట్ ఫోన్ సర్వీసుకు మారాము. కాల్స్‌ను కలిపే సర్వర్ ముంబయిలో ఉంటుంది. నిర్వహణ బెడద తగ్గిన మాట వాస్తవమే గాని, ఇటీవల రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగినప్పుడు బయటి కాల్స్ మాత్రమే కాక, రిసెప్షన్ నుంచి పై అంతస్తులోని అకౌంట్స్ విభాగానికి చేసిన ఫోన్ కూడా మోగలేదు. పాత పెట్టెకు కరెంటు ఉంటే చాలు, ఆ పని చేసేది.

ఇంటర్నెట్ ఫోన్‌లో కాల్‌ను కలిపే సంకేతం వేరు, మాట వేరు. మొదటిది 'సిప్' పద్ధతిలో సర్వర్‌కు వెళ్లక తప్పకపోయినా, రెండోది ఒకే కార్యాలయంలోని రెండు ఫోన్ల మధ్య నేరుగా నడవగలదు. దీన్నే డైరెక్ట్ మీడియా అంటారు. రౌటర్ల వెనకున్న ఫోన్లతో మాట ఒకవైపే వినిపించే చిక్కులు వస్తాయనో, కాల్స్ రికార్డు చేయాలనో సర్వీసు సంస్థలు దీన్ని తరచు ఆపి ఉంచుతాయి. ఖాతాదారుల కాల్స్‌కు రికార్డింగ్ అవసరమే. టీ ఎప్పుడొస్తుందని అడిగే కాల్‌కు ఎందుకు?

మాటను డిజిటల్ రూపంలోకి మార్చే జీ.711 కోడెక్ పద్ధతిలో 64 కిలోబిట్ల మాటకు, దాన్ని మోసే ప్యాకెట్ల (డేటా ముక్కల) అదనపు భారం కలిసి సెకనుకు 80 కిలోబిట్లు దాటుతుంది. మాట సర్వర్‌కు వెళ్లి వస్తే రెండు ఫోన్లూ పైకి పంపాలి కనుక, ఇరవై అంతర్గత కాల్స్ అప్‌లోడ్‌లో 3 మెగాబిట్లకు పైగా మింగుతాయి. పెద్ద ఫైబర్ లైనుకు ఇది లెక్కలోనిది కాదు. అదే లైనుపై సీసీ కెమెరాల బ్యాకప్ కూడా నడిచే చిన్న కార్యాలయంలో మాత్రం మాట ముక్కలవుతుంది.

అయితే డైరెక్ట్ మీడియా ఒక్కటే చాలదు. ఇంటర్నెట్ పోయాక కొత్త కాల్ కలవాలంటే ఎక్స్‌టెన్షన్ల (కార్యాలయం లోపలి ఫోన్ల) వివరాలు తెలిసిన చిన్న స్థానిక సర్వర్ కార్యాలయంలోనే ఉండాలి. 1999లో మొదలైన ఆస్టరిస్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు కంప్యూటర్ మీదే ఈ పని చేస్తుంది. టెండర్లలో, ఒప్పందాల్లో ఈ రెండింటినీ షరతులుగా రాయించాలని కార్యాలయాల బాధ్యులకు మనవి.

సంతకానికి ముందు ఒక పరీక్ష చేయవచ్చు. రెండు ఎక్స్‌టెన్షన్ల మధ్య మాట్లాడుతుండగా రౌటర్ నుంచి ఇంటర్నెట్ వైరు తీసి చూడండి. మాట వెంటనే ఆగిపోతే అది ఊరు దాటి వస్తున్నట్లే. ఆగకపోతే ఫోన్ పెట్టేసి, వైరు తగిలించకుండానే మళ్లీ చేయండి. అప్పుడు మోగకపోతే స్థానిక సర్వర్ లేదన్నమాట.

ఇట్లు,
ఒక కార్యాలయ ఫోన్ల నిర్వాహకుడు,
విజయవాడ