అది రేసింగ్ కాదండీ

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో పొద్దున్నే మీ పేపరు రాగానే జిల్లా పేజీ ముందు చదివేది మా అమ్మ. ఎక్కడైనా కారు డివైడర్ ఎక్కి ఎవరైనా పోయారన్న వార్త ఉండి, దాని మీద 'ప్రాణం తీసిన రేసింగ్' లాంటి హెడ్డింగ్ ఉంటే, ఆ పేజీ మడిచి నా కాఫీ గ్లాసు కింద పెడుతుంది. ఏమీ అనదు. పోయిన నెలలో రెండుసార్లు పెట్టింది. ఆ కుర్రాళ్లు చేసింది అర్ధరాత్రి ఖాళీ రోడ్డు చూసి ఒకడిని మించి ఒకడు తొక్కడం, నేను ట్రాక్ మీద చేసేది వేరే అని చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెట్టింది. "పేపర్లో అదే పేరు రాశారు కదరా" అంటుంది. పేపరు ముందు నా మాట చెల్లడం లేదు కాబట్టి పేపరుకే రాస్తున్నాను.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉంది. వయసు నలభై ఒకటి. ఏడాదికి మూడో నాలుగో సార్లు, డబ్బులు కుదిరితే, చెన్నై వెళ్లి కారు రేసుల్లో దిగుతాను. గెలిచింది లేదు. ఒకసారి మూడో స్థానం వచ్చింది, అది కూడా ముందున్న ఇద్దరు ఒకరికొకరు తగులుకుని ఆగిపోతే. నా కారు పాత మారుతి ఎస్టీమ్, 1300 సీసీ. ఏసీ, కార్పెట్, వెనక సీటు అన్నీ పీకేసి, కారు బోల్తా పడినా లోపలివాడు నలగకుండా ఇనప గొట్టాలతో పంజరంలాగా రోల్ కేజ్ వెల్డింగ్ చేయించాం. రోడ్డు మీద తిప్పడానికి పనికిరాదు, తిప్పను కూడా. షాపుకి స్కూటర్ మీదే వెళ్తాను.

రేసు ఉన్న వారం గురువారం రాత్రి కారును డీసీఎంలోకి ఎక్కించి తాళ్లు బిగించి బయల్దేరతాం, నేనూ, మా మెకానిక్ పెద్దాయనా, ఆయన మేనల్లుడూ. నెల్లూరు, సూళ్లూరుపేట, తడ దాటి తెల్లారేసరికి శ్రీపెరుంబుదూరు. రామానుజాచార్యుల వారు పుట్టిన ఊరు కదా, పెద్దాయన గుడికి వెళ్లి వచ్చాకే బానెట్ ఎత్తుతాడు, మనం ఎంత టెన్షన్ పడ్డా సరే. ట్రాక్ అక్కడికి దగ్గర్లోనే, ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. 1953లో పెట్టిన క్లబ్ అది, పూర్వం షోళవరంలో యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవాళ్లు, తర్వాత సొంత ట్రాక్ కట్టుకున్నారు. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు.

అక్కడికి వెళ్లగానే ఎవరూ మనల్ని కారెక్కనివ్వరు. ముందు కాగితాలు. దేశంలో మోటార్ రేసుల వ్యవహారాలు చూసే ఎఫ్ఎంఎస్‌సీఐ అనే ఫెడరేషన్ ఇచ్చే కాంపిటీషన్ లైసెన్స్ ఉండాలి, మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే నవ్వుతారు. దానికి ముందు ట్రైనింగ్, డాక్టర్ సర్టిఫికెట్. తర్వాత స్క్రూటినీ, అంటే కారుకి పరీక్ష. ఒకాయన బెల్టులు రెండు చేతులతో పట్టుకుని కాలు తన్నిపెట్టి లాగుతాడు. ఇంకొకాయన యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తోందా లేదా చూస్తాడు. బయటి నుంచి కరెంటు కట్ చేసే స్విచ్ పని చేస్తోందా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గడువు ఉందా, హెడ్‌లైట్ అద్దాలకు టేపు వేశారా (పగిలితే ముక్కలు ట్రాక్ మీద పడకూడదు), హెల్మెట్ మీద ముద్ర ఏ సంవత్సరానిది, మంట అంటుకోని ఓవరాల్ వేసుకున్నావా, చేతి గ్లౌజులు ఏవి. పోయినసారి నా ఎక్స్‌టింగ్విషర్ బిగించిన క్లాంపు వదులుగా ఉందని వెనక్కి పంపారు. నేనేమో స్పేర్ పార్టులు అమ్మేవాణ్ణి, క్లాంపు కోసం ఆ ఊళ్లో మూడు షాపులు తిరిగాను. పెద్దాయన దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో టైము చూసి తేల్చేది), ఒక రేసు, ఆదివారం ఇంకో రేసు. మధ్యలో అంతా ఎదురుచూపులే, టైర్ల మీద కూర్చుని సాంబారన్నం తినడమే. మా రేసు 8 ల్యాపులు, ట్రాక్ చుట్టూ 8 చుట్లు, అంటే 30 కిలోమీటర్లు కూడా కాదు, మా ఇంటి దగ్గర బయల్దేరితే గుంటూరు కూడా రాదు. మూడు రోజుల్లో కారు నిజంగా పరుగు తీసేది మొత్తం కలిపి గంటన్నర దాటదు, దానికి నాకు అయ్యే ఖర్చు లక్ష దగ్గర. ఈ లెక్క మా అమ్మకు చెప్పలేదు, ఈ ఉత్తరం మీరు వేస్తే తెలిసిపోతుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తున్నాను. పోయిన రౌండ్‌లో ఆదివారం రేసులో నేను ఆరో స్థానంలో ఉన్నాను. ఐదో ల్యాపులో నా ముందున్న కోయంబత్తూరు అబ్బాయి ఒక మలుపు ముందు ఉన్నట్టుండి స్లో అయ్యాడు. గేరు తప్పాడు, దొరికాడు అనుకుని లోపలి నుంచి దూరి దాటేశాను. హెల్మెట్ లోపల గట్టిగా అరిచాను కూడా. మలుపు తిరిగాక కనపడింది, ఒక కారు ట్రాక్ పక్కన పోసిన కంకరలో కూరుకుపోయి ఉంది, ఇద్దరు మార్షల్స్ (ట్రాక్ పక్కన నిలబడి జెండాలు చూపించేది, సాయానికి వచ్చేది వీళ్లే) దాని వైపు పరిగెడుతున్నారు. ఆ అబ్బాయి గేరు తప్పలేదు. పసుపు జెండా ఊపుతున్నారు, అతను చూశాడు, నేను చూడలేదు.

పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, పచ్చ జెండా కనపడేదాకా ఎవరినీ దాటకు అని. పొద్దున డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి ఇదే చెప్పారు, నేను ముందు వరసలోనే కూర్చున్నాను. రేసు అయ్యాక నన్ను క్లర్క్ ఆఫ్ ద కోర్స్ గదికి పిలిచారు. అంటే గుమాస్తా అనుకునేరు, రేసు మొత్తానికి ఆయనే అధికారి. చూడలేదు సార్ అన్నాను. "చూడకపోవడమే తప్పు" అన్నారు. నా టైముకి 30 సెకన్లు కలిపారు, ఐదో స్థానం కాస్తా చివరి స్థానం అయ్యింది. అప్పీలు చేసుకునే హక్కు ఉంది కానీ ఏ మొహం పెట్టుకుని చేస్తాను.

సాయంత్రం కారు లోడ్ చేస్తుంటే ఒక అమ్మాయి వచ్చింది, ఆరెంజ్ జాకెట్, మొహమంతా ఎండకి కమిలిపోయి ఉంది. ఇంజినీరింగ్ చదువుతోందట, మనవైపు పిల్లే, నా కారు మీద ఏపీ నంబర్ చూసి తెలుగులో పలకరించింది. ఆ కంకర దగ్గరికి పరిగెత్తిన ఇద్దరిలో ఒకరు తనే. కోపంగా ఏమీ అనలేదు. "మీ కారు గాలి నాకు తగిలింది సార్" అంది, అంతే. సారీ అమ్మా అన్నాను. పర్లేదు సార్ అని వెళ్లిపోయింది. తిరుగు ప్రయాణంలో నాయుడుపేట దాకా ఎవరం మాట్లాడుకోలేదు. ఆ మార్షల్స్ చాలామంది చదువుకునే పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, సెలవు రోజు వచ్చి పొద్దుటి నుంచి ఎండలో ఒక భోజనం ప్యాకెట్ మీద నిలబడతారు. వాళ్ల ఫొటో ఏ పేపర్లోనూ చూడలేదు నేను.

మా ఆట ప్రమాదం లేనిదని చెప్పడం లేదు. 2023 జనవరిలో అదే ట్రాక్ మీద, మాలాంటి సెలూన్ కార్ల (అంటే మామూలు ఇంటి కార్లను రేసుకి మార్చినవి) రేసులోనే, కె.ఇ. కుమార్ అనే 59 ఏళ్ల సీనియర్ డ్రైవర్ చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో బైకు రేసులో పదమూడేళ్ల పిల్లవాడు పోయాడు. ఇవి దాచేవి కావు. కానీ అక్కడ అంబులెన్స్ ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంటుంది, డాక్టర్ ఉంటాడు, ఎదురుగా లారీ రాదు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు రోడ్డు దాటరు. అన్నిటికీ మించి, తప్పు చేసినవాణ్ణి అదే రోజు సాయంత్రం లోపల పిలిచి అడిగేవాళ్లు ఉంటారు. రాత్రి బైపాస్ మీద తొక్కేవాడికి జెండా చూపించేది ఎవరు?

చట్టంలో కూడా రేసింగ్ అనే ఉంది కదా అని మీ విలేకరులు అడగొచ్చు, నిజమే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ దాని గురించే. కానీ అందులో రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వక అనుమతి లేకుండా పబ్లిక్ స్థలంలో రేసు జరగనివ్వడం, అందులో పాల్గొనడం నేరం అని ఉంది. 2019లో సవరించాక మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ఎంతమంది కుర్రాళ్లకు తెలుసు? వార్త కింద ఆ ఒక్క లైను వేస్తే ఎంతో ఉపయోగం. 'రేసర్లు' అని రాస్తే మాత్రం వాళ్లు ఆ కటింగ్ వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటారు. మా షాపు కుర్రాడే పెట్టుకున్నాడు, వాడి ఫ్రెండు దొరికితే. 'రోడ్డు మీద అడ్డగోలు డ్రైవింగ్' అని రాయండి, అది ఎవడూ స్టేటస్ పెట్టుకోడు.

ఇంకో మాట. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు అన్ని పేపర్లూ పేజీలకు పేజీలు వేశాయి, మరుసటి ఏడాది అది రద్దయిపోయింది. అంత పెద్దవి నాకు అక్కర్లేదు. నాలాంటివాళ్లకు ఆటోక్రాస్ చాలు, అంటే ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి, ఒక్కో కారునే వదిలి, గడియారం మీద టైము చూసే పోటీ. దానికి సర్క్యూట్ కట్టక్కర్లేదు. ఒక మైదానం, ఫెడరేషన్ అనుమతి, అంబులెన్స్, జెండాలు పట్టుకునే మనుషులు ఉంటే అయిపోతుంది. ఏ ఊళ్లోనైనా క్లబ్బులు ముందుకొస్తే మైదానం ఇప్పించమని అధికారులను మీలాంటివాళ్లు అడిగితే వినే అవకాశం ఉంది, నేను అడిగితే స్పేర్ పార్టుల వ్యాపారం పెంచుకోవడానికి అనుకుంటారు (కొంచెం నిజమే అనుకోండి).

ఈ ఉత్తరం వేస్తే పైన 'రేసర్ ఆవేదన' అని పెట్టకండి. ఆవేదన ఏమీ లేదు, చివర వచ్చాను, అంతే. వేసిన రోజు జిల్లా పేజీలోనే వేయండి, మా అమ్మ మిగతావి చదవదు.

ఇట్లు,
ఒక పాత ఎస్టీమ్ డ్రైవర్,
ఆటోనగర్, విజయవాడ