ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు: ఎవరికి ఇస్తాం, ఎవరికి వద్దంటాం

కస్టమర్లందరికీ నమస్కారం.

ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు గురించి మాకు రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. మెమరీలో 2 జీబీయే కదా తేడా, ఇదే 3050 పేరుతో ఉన్న 8 జీబీ కార్డు బదులు ఇదే వేసేయండి అని కొందరు అంటున్నారు. పనికిరాని కార్డట, ఎందుకు అమ్ముతున్నారని మరికొందరు నిలదీస్తున్నారు. రెండింటితోనూ నేను ఏకీభవించను. ఈ కార్డును ఇకమీదట ఎవరికి ఇస్తామో, ఎవరిని వద్దని వారిస్తామో కారణాలతో సహా చెబుతాను.

8 జీబీ కార్డు 2022 జనవరిలో వచ్చింది. అందులో 2560 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 128 బిట్ల మెమరీ బస్ (మెమరీ నుంచి డేటా వచ్చే దారి వెడల్పు), ఆ దారిలో సెకనుకు 224 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ కార్డులో కోర్లు 2304కు, బస్ 96 బిట్లకు, బ్యాండ్‌విడ్త్ 168 జీబీకి తగ్గాయి. బూస్ట్ క్లాక్ (కోర్లు పనిచేసే పై వేగం) కూడా 1777 మెగాహెర్ట్జ్ నుంచి 1470కి దిగింది. కోత పడింది మెమరీకి మాత్రమే కాదు. లెక్కలు చేసే కోర్లు, వాటి వేగం, వాటికి డేటా అందించే దారి అన్నీ తగ్గాయి. ఇంత తేడా ఉన్న రెండు కార్డులు ఒకే పేరుతో అమ్ముడుపోవడం కొనేవాళ్లకు న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. అందుకే మా బిల్లుల మీద ఇకనుంచి కార్డు పేరుతో పాటు మెమరీ ఎంత, బస్ ఎన్ని బిట్లు, ఎన్ని వాట్లు అన్నవి కూడా రాస్తాం. ఎక్కడ కొన్నా సరే, ఈ మూడూ అడిగి తెలుసుకోండి.

మరి ఎందుకు అమ్ముతున్నాం? వాట్ల కోసం. 8 జీబీ కార్డుకు 130 వాట్లు కావాలి, దీనికి 70 చాలు. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు కాబట్టి, మేం తెప్పించే మోడళ్లకు పవర్ సప్లై నుంచి విడిగా తీగ అక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లను చౌకగా కొనుక్కున్న వాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. వాటి పవర్ సప్లై చిన్నది. చాలావాటిలో ఆరు పిన్నుల తీగే ఉండదు. పవర్ సప్లై మారుద్దామన్నా కొన్ని కంపెనీల పెట్టెల్లో మామూలు సైజుది పట్టదు, మదర్‌బోర్డు కనెక్టరూ కలవదు. అలాంటి యంత్రంలో ఈ కార్డును స్లాట్‌లో కూర్చోబెట్టి, డ్రైవర్ వేస్తే పని అయిపోతుంది.

ఇంతకుముందు ఇదే అవసరానికి జీటీఎక్స్ 1650 ఇచ్చేవాళ్లం. 2019లో వచ్చిన ఆ కార్డులో 896 కోర్లు, 4 జీబీ మెమరీ, 128 జీబీ బ్యాండ్‌విడ్త్, 75 వాట్లు. కోర్ల సంఖ్య చూసి కొత్తది రెండున్నర రెట్లు వేగమని లెక్క వేయకండి. 3050 తరంలో సగం కోర్లు పూర్ణాంకాల లెక్కలను కూడా మోయాలి, 1650లో వాటికి వేరే యూనిట్లున్నాయి. అయినా కొత్తదే ముందుంటుంది. 1650లో లేని డీఎల్ఎస్ఎస్ కూడా ఇందులో ఉంది, అంటే ఆట బొమ్మను చిన్నగా తయారుచేసి, ఏఐతో పెద్దది చేసి చూపించే పద్ధతి. 1080పీ తెర మీద క్వాలిటీ మోడ్ పెడితే ఆట 720పీలో తయారై, 1080పీకి పెరిగి కనిపిస్తుంది. ఈ తరగతి కార్డుకు అది నిజంగా ఊపిరి పోస్తుంది. ఫ్రేమ్ జనరేషన్, అంటే తెర మీద వరుసగా వచ్చే బొమ్మల (ఫ్రేముల) మధ్య అదనపు ఫ్రేములు కల్పించే డీఎల్ఎస్ఎస్ సదుపాయం మాత్రం ఈ తరంలో లేదు.

మెమరీ నిండినప్పుడు ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ ఫిర్యాదులు పుట్టేది అక్కడే. ఆటలో టెక్స్చర్లు (గోడలు, నేల లాంటి వాటి పైన పరిచే బొమ్మలు) ఎక్కువ స్థాయిలో పెడితే 6 జీబీ నిండిపోతుంది. మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తుంది, కావాల్సినప్పుడు స్లాట్ ద్వారా రావాలి. ఈ కార్డు స్లాట్‌లో ఎనిమిది లేన్లే (డేటా నడిచే దారులు) వాడుకుంటుంది. పీసీఐ 4.0 బోర్డులో అయితే ఒక దిశలో సెకనుకు సుమారు 16 జీబీ, పాత 3.0 బోర్డులో అందులో సగం. సొంత మెమరీ నుంచి సెకనుకు 168 జీబీ వేగంతో అందాల్సిన డేటా పాత బోర్డులో సెకనుకు 8 జీబీ దారిలో వస్తుందన్నమాట. అప్పుడు సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపిస్తున్నా, మలుపు తిరిగినప్పుడో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడో తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కార్డు పాడైందని కంగారుపడకండి. మిగతావన్నీ అలాగే ఉంచి టెక్స్చర్లు ఒక్క మెట్టు దించండి, ఆటను మూసి మళ్లీ తెరవండి. చాలాసార్లు ఆ కుదుపు అంతటితో పోతుంది.

వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఒక మాట. హెచ్.264, హెచ్.265 అనే వీడియో ఫార్మాట్లలోకి ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించి ఫైలుగా రాయడం) ఈ కార్డు హార్డ్‌వేర్‌లోనే చేస్తుంది. ఏవీ1 అనే కొత్త ఫార్మాట్ వీడియోను చూపించగలదు గానీ, ఆ ఫార్మాట్‌లోకి ఎన్‌కోడ్ చేయలేదు. అది తప్పనిసరి అనుకుంటే వేరే కార్డు చూద్దాం.

పాత వీజీఏ మానిటర్ ఉన్నవాళ్లు ముందే చెప్పండి. ఈ కార్డుకు వీజీఏ పోర్టు లేదు, కన్వర్టర్ కావాలి. కార్డు బిగించాక మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టాలి. కార్డు వేసినా వేగం పెరగలేదంటూ వచ్చే ఫోన్లలో ముందు మేం అడిగేది ఇదే.

ఎవరికి వద్దంటాం? కొత్తగా కంప్యూటర్ కట్టించుకునే వాళ్లకు, ఇప్పటికే మంచి పవర్ సప్లై, ఎనిమిది పిన్నుల తీగ ఉన్నవాళ్లకు. తక్కువ వాట్ల కోసం వేగాన్ని వదులుకున్న కార్డు ఇది. వాట్ల ఇబ్బంది లేనివాళ్లు ఆ నష్టాన్ని ఎందుకు భరించాలి? వాళ్లు పట్టుబట్టి అడిగినా ముందు 8 జీబీ కార్డును పక్కన నడిపి చూపిస్తాం, ఆ తర్వాత నిర్ణయం వాళ్లది. 1440పీ మానిటర్ ఉండి కొత్త ఆటలు ఆడాలనుకునే వాళ్లకు కూడా దీన్ని సిఫార్సు చేయను.

ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు మూడు ఫొటోలు పంపండి: పవర్ సప్లై మీది లేబుల్, మదర్‌బోర్డు స్లాట్, పక్క మూత తీసిన పెట్టె లోపలి భాగం. సన్నటి పెట్టె అయితే తక్కువ ఎత్తు మోడల్ కావాలి, రెండు స్లాట్ల మందం పడుతుందో లేదో కూడా చూడాలి. ఫొటోలు చూసి, సరిపోతుందని రూఢి చేసుకున్నాకే కార్డు పంపుతాం. సరిపోకపోతే బుకింగ్ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.