చూసి తప్పుకోవడం అన్నివేళలా సాధ్యం కాదు

సంపాదకుడికి,

సైనిక విమానాల శిక్షణ జరిగే చోటికి చిన్న విమానాలను రానివ్వకూడదని కొందరు, శిక్షణనే జనసంచారం లేని చోటికి తరలించాలని మరికొందరు వాదిస్తున్నారు. చిన్న విమానం నడిపే నాకు ఈ రెండూ సమ్మతం కావు. తక్కువ ఎత్తులో, అధిక వేగంతో ఎగరడం యుద్ధవిమాన పైలట్ నేర్చుకోవలసిందే. సిమ్యులేటర్‌లో కూర్చుంటే పూర్తిగా అబ్బే విద్య కాదది. నా అభ్యంతరం వేరు. ‘వాతావరణం బాగుంటే ఎదుటి విమానాన్ని చూసి తప్పుకోవడం పైలట్ బాధ్యత’ అనే పాత నియమాన్ని ఇంకా ఇంతగా నమ్ముకోవడం ప్రమాదకరం.

లెక్క చూడండి. నేను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో, ఎదురుగా యుద్ధవిమానం 820 కిలోమీటర్ల వేగంతో వస్తున్నామనుకుందాం. మూడు కిలోమీటర్ల దూరంలో అది నా కంటపడినా మా మధ్య మిగిలేది 11 సెకన్లలోపే. ఎదుటి వస్తువును చూసి, విమానమని గుర్తించి, ఢీకొంటుందని గ్రహించి, పక్కకు మళ్లేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థే పైలట్లకు చెబుతోంది. పైగా, ఢీకొనే దారిలో ఉన్న విమానం నా ముందరి అద్దంలోంచి చూస్తే అటూ ఇటూ కదలదు, ఒకేచోట చుక్కలా నిలిచి ఉంటుంది. కదిలేదాన్ని ఇట్టే పట్టే కన్ను కదలనిదాన్ని పట్టుకోలేదు. చివరి రెండు మూడు సెకన్లలో ఆ చుక్క ఒక్కసారిగా పెద్దదవుతుంది. ఒకసారి ఒక శిక్షణ విమానం నా రెక్క కిందుగా దూసుకుపోయాక గానీ అది అక్కడ ఉందని నాకు తెలియలేదు. ఆ రోజు నేను ఏమరుపాటుగా లేను.

2015 జులై 7న అమెరికాలోని సౌత్ కరోలినాలో శిక్షణలో ఉన్న ఎఫ్-16, అప్పుడే గాలిలోకి లేచిన సెస్నా 150 అనే చిన్న విమానాన్ని ఢీకొంది. సెస్నాలోని ఇద్దరూ చనిపోయారు, యుద్ధవిమాన పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. నేల మీద నుంచి విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్ ఎఫ్-16ను హెచ్చరించినా మలుపు తిరిగేంత వ్యవధి చాలలేదు. ఆ సమయంలో సెస్నా కంట్రోలర్‌తో మాట్లాడటం లేదు. నిబంధన ప్రకారం మాట్లాడనవసరం లేదు కూడా. అయినా తోటి పైలట్లకు నా మనవి ఒకటే: అవసరం లేకపోయినా రేడియోలో పిలవండి, బయల్దేరే ముందు నోటమ్‌లు (పైలట్ల కోసం జారీచేసే హెచ్చరిక ప్రకటనలు) చదవండి.

అయితే ఎక్కువ బాధ్యత సైన్యానిదే. విన్యాసాలు ఎప్పుడు, ఎక్కడ, ఏ ఎత్తులో జరుగుతాయో నిర్ణయించేది వారే. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానాన్ని ఢీకొన్న సైనిక హెలికాప్టర్ ఆ రాత్రి యుద్ధానికి వెళ్లలేదు, సిబ్బంది నైపుణ్యాన్ని పరీక్షించే శిక్షణలో ఉంది. తన స్థానాన్ని సెకను సెకనుకూ చుట్టూ ఉన్నవారికి తెలిపే ఏడీఎస్-బీ ప్రసారం దాని నుంచి వెలువడలేదు. 67 మంది చనిపోయారు. రహస్య కార్యకలాపాల్లో ఆ ప్రసారాన్ని ఆపుకోవడం నాకు అర్థమవుతుంది. సాధన కోసం ఎగిరే విమానం తోటివారికి కనిపించకుండా ఉండాల్సిన అవసరం ఏమిటో ఎవరైనా చెప్పాలి.

1971లో జపాన్‌లోని షిజుకుయిషి మీద శిక్షణలో ఉన్న సైనిక జెట్, ఒక ప్రయాణికుల విమానం ఢీకొని 162 మంది మరణించాక అక్కడి ప్రభుత్వం శిక్షణ ప్రాంతాలను విమాన మార్గాల నుంచి వేరుచేసింది. అన్నిచోట్లా అంత ఆకాశం దొరకకపోవచ్చు. వేరుచేయలేని చోట సాధన ప్రయాణాలన్నిటిలో ఏడీఎస్-బీ ప్రసారాన్ని తప్పనిసరి చేయాలి. విన్యాసాల వేళ మారితే, ఆ మార్పు అప్పటికే గాలిలో ఉన్న చిన్న విమానాలకు కూడా రేడియో ద్వారా చేరాలి. ముందురోజు ప్రకటించిన వేళలను నమ్ముకుని బయల్దేరిన పైలట్‌కు, మధ్యలో వాటిని మార్చినట్లు తెలిసే దారి చాలాసార్లు మరొకటి ఉండదు.

— ఒక పాఠకుడు