సంఘం వెబ్‌సైట్‌లోని బొమ్మలకు వివరణలు: వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. వీధిదీపాలు, కాలువల పూడికతీత, చెత్త సేకరణ ఎప్పటిలాగే సాగాయి; వాటి జమాఖర్చుల పట్టిక విడిగా అందజేశాం. ఈ నివేదికను మాత్రం వెబ్‌సైట్‌లోని బొమ్మలకు ప్రత్యామ్నాయ పాఠం, అంటే ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో పేజీ కోడ్‌లో మాటల్లో రాసిపెట్టే వివరణ), రాసిన పనికే కేటాయిస్తున్నాం, ఎందుకంటే ఈ ఏడాది మన లోపం బయటపడింది అక్కడే.

ఓవర్‌హెడ్ ట్యాంకు కడుగుతున్నందున రెండు రోజులు నీళ్లు రావంటూ వేసవిలో రంగురంగుల నోటీసు తయారుచేసి, నొక్కితే పెద్దదయ్యే బొమ్మగా పెట్టాం. చూపు లేని మన సభ్యులొకరు, విశ్రాంత ఉపాధ్యాయులు, స్క్రీన్ రీడర్ సాయంతో ఆ పేజీ తెరిస్తే వినిపించింది "ఐఎంజీ, డాష్", ఆపైన అంకెల వరుస, చివర "డబ్ల్యూఏ సున్నా సున్నా సున్నా ఏడు" మాత్రమే. మర్నాడు కుళాయి తిప్పితే గాలి వచ్చిందని మాస్టారు సమావేశంలో నవ్వుతూనే చెప్పారు గానీ, వింటున్న మాకు నవ్వు రాలేదు.

స్క్రీన్ రీడర్ అక్షరాలను చదివి వినిపిస్తుంది. బొమ్మలో ఉన్న అక్షరాలు దాని లెక్కలో రంగు చుక్కలే. లింకుగా పెట్టిన బొమ్మకు వివరణ లేకపోతే అది చాలాసార్లు ఫైలు పేరునే ఎత్తుకుంటుంది. ఈ వివరణ ఉండి తీరాలని 1997లోనే వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 4 చెప్పింది. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2008 నాటి మార్గదర్శకాల్లో ఇది 1.1.1 సంఖ్యతో, కనీస స్థాయి అయిన 'ఏ'లోనే ఉంది. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం దివ్యాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని మన 2016 నాటి హక్కుల చట్టం 42వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఇంత పాత నియమం మన దాకా రావడానికి ట్యాంకు కడగాల్సి వచ్చింది.

కాలనీలోని డిగ్రీ విద్యార్థులు వివరణలు రాసే పని చేపట్టగా, మాస్టారు వాటిని విని సరిచూశారు. రొట్టెల పండుగ ఫొటోకు మొదట "రొట్టెల పండుగ ఫొటో" అని రాశారు. అది బొమ్మేనని స్క్రీన్ రీడర్ తానే చెబుతుంది కనుక 'ఫొటో' అనవసరమనీ, పండుగ పేరు పైన శీర్షికలోనే ఉందనీ, ఇక తనకు కొత్తగా తెలిసిందేమిటనీ ఆయన అడిగారు. తిరగరాసిన వాక్యం ఇది: "బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తలపై కొంగు కప్పుకున్న ఇద్దరు స్త్రీలు రొట్టెలు మార్చుకుంటున్నారు." అదే ఫొటోను మన మజ్జిగ పంపిణీ పేజీలోనూ వాడాం, అక్కడ చెప్పాల్సింది రొట్టెల సంగతి కాదు, వెనక గట్టు మీద కనిపిస్తున్న మన పందిరి సంగతి. బొమ్మ ఒకటే అయినా, అది ఆ పేజీలో ఎందుకుందో చూసి వివరణ రాయాలని మాకు బోధపడింది అప్పుడే.

పేజీ అంచున వేసిన పూలదండకు వివరణ అక్కర్లేదు. అలాగని ఆల్ట్‌ను ఎత్తేయకూడదు. కొటేషన్ గుర్తుల మధ్య ఖాళీగా వదిలితే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను దాటి ముందుకు పోతుంది. ఈ రెండూ ఒకటేనని కార్యవర్గంలో కొందరు వాదించారు. విని చూశాక ఒప్పుకున్నారు. చందా కట్టే బటన్‌కు "నీలం బటన్" బదులు "చందా చెల్లించండి" అని రాశాం. క్యూఆర్ కోడ్ పక్కన యూపీఐ ఐడీని అక్షరాల్లో ఇచ్చాం. పేజీల భాష కోడ్‌లో ఇంగ్లీషని ఉండటంతో తెలుగు ఉచ్చారణ చెడుతోందని గమనించి, దానినీ మార్చాం.

నోటీసులను మాత్రం వివరణతో సరిపెట్టలేదు. పది వరుసల నోటీసును ఆల్ట్‌లో కుక్కడం సరికాదని, ఇకపై వాటిని పేజీలోనే టైపు చేసి పెడుతున్నాం. నిజానికి దీనివల్ల ఎక్కువ లాభపడింది చిన్న ఫోన్లలో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే పెద్దవారే.

పాత నియమావళి, గత సమావేశాల తీర్మానాలు ఇంకా స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉన్నాయి. వాటిని టైపు చేయించే ఖర్చును వచ్చే బడ్జెట్‌లో ప్రతిపాదిస్తున్నాం. అంతవరకు కోరిన సభ్యులకు కార్యదర్శి ఫోన్‌లో చదివి వినిపిస్తారు. సభ్యులు ఇకపై ఫొటో పంపేటప్పుడు అందులో ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో ఒక్క వాక్యం జతచేయాలని కోరుతున్నాం. ఆ వాక్యం అందేవరకు ఫొటోను వెబ్‌సైట్‌లో పెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది.