వారమంతా మా బడికి అండగా నిలిచిన మీ అందరికీ

నవంబర్ 26 నుంచి డిసెంబర్ 3 దాకా మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎవరికీ ఊపిరి సలపలేదు. రాజ్యాంగ దినోత్సవం, సైన్స్ ప్రదర్శన, వ్యాసరచన, క్విజ్, ఆటల పోటీలు, చివరి రోజు సాంస్కృతిక కార్యక్రమం. ఇన్నిటి మధ్యా పదో తరగతి ప్రత్యేక తరగతులు ఒక్క సాయంత్రం కూడా ఆపలేదు. పనులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డా ఎక్కడా రసాభాస కాలేదంటే, ఆ ఘనతలో సగానికి పైగా ఊరిదే. బడి తరఫున, సోషల్ టీచర్‌గా నా తరఫున మీ అందరికీ దండాలు. పేరుపేరునా రాద్దామనుకున్నాను. కానీ సాయం చేసినాయనే ఒకరు "నా పేరు రాయకు సార్, ఇంట్ల పని ఇడిసిపెట్టి బడికి పోయినవా అని లొల్లి అయితది" అన్నారు. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. పిల్లల పేర్లు ఎలాగూ రాయను.

మా దగ్గర ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కొందరు చదువుతున్నారు. ఒకబ్బాయికి చూపు లేదు. ఒకమ్మాయికి వినపడదు. ఇంకో అబ్బాయి సెరిబ్రల్ పాల్సీతో (మెదడులోని లోపం వల్ల కాళ్లూ చేతులూ సరిగా ఆడని స్థితి) వీల్‌చైర్‌లో వస్తాడు. ఆరో తరగతిలో ఒక బాబుకు ఆటిజం. డిసెంబర్ 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం చాలాచోట్ల ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. ఇలాంటి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి నాలుగు ఉపన్యాసాలు, తలా రెండు అరటిపండ్లు, ఒక గ్రూప్ ఫొటో. ఐక్యరాజ్య సమితి 1992లో ఈ రోజును ప్రకటించింది అరటిపండ్ల కోసమైతే కాదు కదా! ఈసారి మా హెడ్మాస్టర్ స్టాఫ్ మీటింగ్‌లో తేల్చి చెప్పారు: "విడిగా ఏదీ పెట్టొద్దు. వారమంతా మిగతా పిల్లలు ఏం చేస్తే వీళ్లూ అదే చేయాలి." వినడానికి బాగానే ఉంది. చేయబోతే ఒక్కో కార్యక్రమానికీ ఒక్కో చిక్కు. మీరంతా ఆదుకున్నది అక్కడే.

మొదటి దండం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం మేడంకి. ఆమె ఐఈఆర్పీ, అంటే ఇలాంటి పిల్లల చదువు చూసే రిసోర్స్ పర్సన్. భవిత కేంద్రంలో పిల్లల్ని చూసుకోవాలి, మండలంలోని బడులు తిరగాలి, మంచం దిగలేని పిల్లలకు ఇంటికెళ్లి పాఠం చెప్పాలి. అంత తిరుగుడులోనూ వీలు చేసుకుని వచ్చి ఎనిమిదో తరగతి మొత్తానికి సైగల భాషలో రాజ్యాంగ పీఠిక నేర్పారు. భారతీయ సంకేత భాష నిఘంటువులో పదివేల పదాల దాకా ఉన్నాయనీ, వాటి వీడియోలు ఫోన్‌లోనే చూసి నేర్చుకోవచ్చనీ మాకు ఆమే చూపించారు. అమ్మానాన్నల ఫోన్ల కోసం ఇళ్లల్లో పిల్లలు ఎంత కొట్లాడుకున్నారో మీకే తెలియాలి!

రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న. పాఠంలో ఏటా చెప్తాను. ఈసారి ప్రార్థన సమావేశంలో పీఠిక చదివించింది ఆ వినపడని అమ్మాయే. వేదిక మీద ఆమె చేతులు కదుపుతుంటే కింద వరసల్లో పిల్లలు ఆమెను చూసి చేస్తున్నారు. మధ్యలో ఆగింది. గబగబా దిగి వచ్చి, హెడ్మాస్టర్ గారి వేళ్లు పట్టుకుని సరిచేసి, మళ్లీ వెళ్లి అక్కడి నుంచే అందుకుంది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు ఆమెకు వినపడవు కాబట్టి అందరూ రెండు చేతులూ పైకెత్తి అరచేతులు ఆడించారు. అదీ మేడం నేర్పిందే. ఇప్పుడు మా పిల్లలు ఎవరికైనా అలాగే చేస్తున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఏమిటిదని కాసేపు అయోమయంలో పడ్డారు కూడా.

ఇక మేస్త్రి అన్న. మా వేదిక అడుగున్నర ఎత్తు, మెట్లు తప్ప వేరే దారి లేదు. "అడుగున్నరే గద సార్, నాలుగడుగుల జారుడు పోస్తే సాలదా?" అన్నాడు. చాలదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, అంటే మాకు పద్దెనిమిది అడుగులు. పదో తరగతి పిల్లలు త్రికోణమితి పుస్తకం పట్టుకొచ్చి, అలా కడితే కోణం అయిదు డిగ్రీల లోపే ఉంటుందని, నాలుగడుగులే పోస్తే ఇరవై దాటుతుందని ఆయనకు నేల మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించారు. నిలువుగా అంత జాగా లేదు. మేస్త్రి అన్నే ఆలోచించి మధ్యలో ఒక మలుపు పెట్టాడు, అక్కడ వీల్‌చైర్ తిరగడానికి చదును వదిలాడు. చక్రం జారకుండా పచ్చి సిమెంటు మీద చీపురుతో అడ్డంగా గీతలు గీశాడు. కూలీ తీసుకోలేదు. సిమెంటు, ఇసుక డబ్బులు పూర్వ విద్యార్థులు పెట్టుకున్నారు. గోనె సంచులు కప్పి రోజూ నీళ్లు పట్టింది తొమ్మిదో తరగతి పిల్లలు. క్విజ్ రోజున వీల్‌చైర్ అబ్బాయి వెనక ఇద్దరు దోస్తులు చేయి వేయబోతే "తొయ్యకుండ్రి, నేను పోత" అన్నాడు. పోయాడు. క్విజ్‌లో వాళ్ల జట్టు మూడో స్థానంలో వచ్చింది, దానికి ఇంకా నా మీద అలిగే ఉన్నాడు.

సైన్స్ ప్రదర్శన గురించి నేను కాస్త ఎక్కువే రాస్తాను, అందులో నా సబ్జెక్టు దూరింది కాబట్టి. చూపు లేని అబ్బాయి ఎప్పుడూ "తెలంగాణ మ్యాప్ ఎట్లుంటది సార్?" అని అడిగేవాడు. వాడి క్లాసు పిల్లలు అట్ట మీద రాష్ట్రాన్ని గీసి, 33 జిల్లాల హద్దుల వెంట పురికోస అతికించి, నదులకు ఉన్ని దారం పెట్టారు. ఉన్ని ఇచ్చింది టైలర్ అక్క, కత్తిరింపుల సంచి మొత్తం బడికే పంపేసింది. తీరా వాడికి చూపిస్తే వేళ్లు ఆడించి, "గోదారి, కృష్ణ రెండూ ఒక్కతీర్గనే తగుల్తున్నయి, నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. నిజమే కదా! గోదావరిని ఉన్నితోనే ఉంచి, కృష్ణకు పూసలు గుచ్చారు. అప్పుడు గోదావరి తెలంగాణలోకి వచ్చే కందకుర్తి దగ్గర వేలు పెట్టి గోదావరి వెంబడి భద్రాచలం దాకా వచ్చాడు. మధ్యలో మన వరంగల్ ఎక్కడని అడిగి, నదికి ఇంత దూరమా అని ఆశ్చర్యపోయాడు. ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్లను కళ్లు మూసుకోమని, మ్యాప్ మీద చేయి పట్టి తిప్పింది వాడే. ఆ మ్యాప్ ఇప్పుడు మా స్టాఫ్ రూములో లేదు, వాడి క్లాసులో ఉంది. సోషల్ పీరియడ్‌కు అందరూ దాన్నే వాడుతున్నారు.

ఆటల పోటీలకు పీఈటీ సార్ పడ్డ తిప్పలు చెప్పాలంటే ఇంకో పోస్టు కావాలి. ఫుట్‌బాల్‌కు పాలిథిన్ కవరు చుట్టి కట్టారు. దొర్లినప్పుడల్లా గరగరమంటుంది, శబ్దాన్ని బట్టి బంతి ఎటుందో తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. వంద మీటర్ల పరుగులో చూపు లేని అబ్బాయి, తోడు పరుగెత్తే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక పొట్టి తాడు చెరో కొసా పట్టుకున్నారు. ఇద్దరి అడుగులు కలవడానికి పొద్దున్నే గ్రౌండుకు వచ్చి సాధన చేశారు. ఆ పెద్దవాడు తన పోటీ వేరే పూటకు మార్పించుకున్నాడు, ఎవరూ అడక్కుండానే. ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్తున్నాను, మీ అబ్బాయిని బాగా పెంచారు.

ఆ ముందు రోజు పీఈటీ సార్ తల్లిదండ్రుల మీటింగ్‌లో దీప్తి జీవాంజి పరుగు వీడియో చూపించారు. మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. చిన్నప్పుడు చుట్టుపక్కలవాళ్లు వెక్కిరించేవారని ఇంట్లోవాళ్లే పత్రికలతో చెప్పుకున్నారు. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం) 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. బాబును ఆటలకు పంపనంటే పంపనన్న ఒక తల్లి వీడియో రెండోసారి వేయించుకుని చూసింది. మర్నాడు పిల్లవాడి చేతికి నీళ్ల బాటిల్ ఇచ్చి పంపింది. అమ్మా, మీకూ థాంక్స్. ఆ రోజు బాగా ఆడాడు, మోచేయి గీరుకుంది, అంతే.

సౌండ్ సిస్టం తమ్ముడి సంగతి. చివరి రోజు పాటలు, డ్యాన్సులు. ఆటిజం ఉన్న బాబు పెద్ద చప్పుడు తట్టుకోలేడు, చెవులు మూసుకుని ఏడుస్తాడు. సౌండ్ తగ్గించమంటే ఏ సౌండ్ అబ్బాయికైనా మనసొప్పదు కదా, ఈ తమ్ముడు మాత్రం ఆ బాబును పిలిపించుకుని, చేతికి మీట ఇచ్చి "నువ్వే చెప్పు, ఎంత వుండాల్నో" అన్నాడు. ఆ సాయంత్రమంతా సౌండ్ అక్కడే ఉంది. వెనక కూర్చున్న పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు వినపడట్లేదని గొణిగారు, ముందుకొచ్చి కూర్చోమన్నాం. బాబుకు విసుగొస్తే వెళ్లి కూర్చోవడానికి లైబ్రరీ గది తీసి ఉంచాం. మేడం మాకు ముందే చెప్పారు, 1995 నాటి దివ్యాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం అందులో లేదు, 2016 చట్టంలో ఆ జాబితా 21కి పెరిగిందని. ఇలాంటి పిల్లల్ని మొండివాళ్లని కొట్టి కూర్చోబెట్టిన రోజులు మరీ పాతవేం కావు.

మధ్యాహ్న భోజనం వండే అక్కలు, వారం రోజులూ మీరు ఒక గిన్నె అన్నం పప్పుతో మెత్తగా మెదిపి పక్కన పెట్టారు. వీల్‌చైర్ అబ్బాయికి నమలడం కష్టమని ఎవరు చెప్పారో మాకు తెలియదు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సభ్యులు వంతులు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆటో అన్న కిరాయి సగమే తీసుకున్నాడు. వెల్డింగ్ షాపాయన బాత్రూములో పట్టుకునే కడ్డీ బిగించి పోయాడు. పిల్లలతో ఫొటో దిగి ఫ్లెక్సీ కడతామన్న దాతలకు వద్దని చెప్పాం. నొచ్చుకుంటారేమో అనుకున్నాం, మర్నాడే క్విజ్ బహుమతులకు పుస్తకాలు పంపారు. శాలువాల డబ్బు కూడా అందులోకే పోయింది. అతిథులెవరూ అడగలేదు.

వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు లెక్క ఆఫీసు బయట నోటీసు బోర్డు మీద అంటించాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. సిమెంటు రెండు బస్తాలు మిగిలింది. అమ్మాయిల బాత్రూము దారికి ఇంకా ర్యాంపు లేదు, మేస్త్రి అన్న సంక్రాంతి సెలవుల్లో పోస్తానన్నాడు, ఇసుక ఎవరైనా తోలిస్తే చాలు. జనవరి 4 చూపు లేనివాళ్లు తడిమి చదివే లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిల్ పుట్టినరోజు, ఆ వారం ఆరు చుక్కలతో పేరు రాయడం మా చూపు లేని అబ్బాయే అన్ని క్లాసులకూ నేర్పుతానంటున్నాడు. తల్లిదండ్రులూ రావచ్చు. షామియానా షాపాయనకు ఒక మనవి: మీ జంపఖానాలు రెండు మా దగ్గరే ఉండిపోయాయి, ఉతికించి పెట్టాం, ఎవరినైనా పంపండి.