ఆ కంప వేసినవాళ్లలో నేనూ ఉన్నాను: పర్యాటక మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. చేవెళ్ల దాటాక మర్రిచెట్ల రోడ్డు వదిలి లోపలికి నాలుగు కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఈ ఉత్తరం మాత్రం హైదరాబాద్‌లో, మెహిదీపట్నంలోని మా అమ్మాయి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న రైతుబజారులో కూరగాయలు అమ్ముకుని, మధ్యాహ్నం ఒక కార్యాలయంలో, అతిథుల కోసం కట్టిన గదులకు ఆగిపోయిన సాయం గురించి నాలుగో అర్జీ ఇచ్చి వచ్చాను. మొదటి మూడింటికి జవాబు లేదు. దీనికైనా వస్తుందన్న నమ్మకం చాలక, నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

పోయిన నెల గ్రామీణ పర్యాటకం మీద అవగాహన సదస్సు పెట్టారు. ఇంతకు ముందు అతిథులకు ఆతిథ్యం ఇచ్చిన కుటుంబాలు మా చుట్టుపక్కల పదకొండు ఉంటే, వెళ్లింది ముగ్గురం. ఖాళీ కుర్చీలు చూసి ఒక అధికారి మైకులో "రైతులకు ఆసక్తి పోయింది, చొరవ చూపడం లేదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆసక్తి లేక కాదండీ, ఓపిక అయిపోయి రాలేదు వాళ్లు. ఈ తేడా ఆ అధికారికి చెబుదామని లేచి నిలబడ్డాను. అప్పటికే భోజనాలకు లేవమన్నారు.

2019లో మా బావి దగ్గర అతిథుల కోసం పెంకులతో రెండు గదులు కట్టాం. ఖర్చులో సగం సాయంగా రెండు విడతల్లో ఇస్తామన్నారు. మొదటి విడత వచ్చింది. మిగతాదానికి మూడున్నర లక్షలు అప్పు తెచ్చాం. పని పూర్తయ్యాక తనిఖీ చేసి రెండో విడత వేస్తామన్నారు. ఆ తనిఖీ 2020 మార్చి ఆఖరి వారంలో జరగాలి.

ఆ మార్చి 25 ఉగాది. నాలుగు కుటుంబాలు నగరం నుంచి వస్తామని ముందుగా డబ్బు కట్టాయి. మా అత్తగారు వేపపువ్వు దులిపి చాటలో ఆరబెట్టారు. కొత్త చింతపండు, మట్టి ముంతలు తెచ్చి పెట్టుకున్నాం. అర ఎకరంలో బంతి విరగబూసి ఉంది. పిల్లలు ఆ పూలలో తిరుగుతారని, మిగిలినవి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుదామని లెక్క వేసుకున్నాం. సరిగ్గా ఆ రోజునే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. గుళ్లు మూసేశారు, పెళ్లిళ్లు ఆగిపోయాయి, పూలు కొనేవాళ్లు లేరు. పదిరోజుల తర్వాత తోటలోకి వెళ్తే వాసనకు కళ్లు తిరిగాయి. ఆ బంతినంతా మేమే దున్నించేశాం. అతిథులు కట్టిన డబ్బు గదుల తలుపులకు ఖర్చయిపోయింది కనుక, నా గాజులు కుదువపెట్టి నాలుగు కుటుంబాలకూ తిరిగి పంపాను. ఒక్కరికీ ఒక్క రూపాయి బాకీ లేను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మాట ఇచ్చినవాళ్లు మాట నిలబెట్టుకోవాలన్నది మాకు తెలిసిన మర్యాద.

అదే వారం ఊళ్లో చాటింపు వేశారు, బయటివాళ్లు రాకూడదని. ఊరి మొగన రోడ్డుకు అడ్డంగా తుమ్మ కంప వేశారు. కంప లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. అంతకు ముందు నెల వరకు అతిథుల కారు కోసం ఎదురుచూస్తూ నేను నిలబడిన చోటే అది. చేతికి ముల్లు గుచ్చుకుంది. ముల్లు ఆ సాయంత్రమే తీసేశాను కానీ, ఆ పని చేసినందుకు కలిగిన సిగ్గు మాత్రం ఇప్పటికీ ఉంది.

అయినా మేం వదల్లేదు. జూన్‌లో హోమ్‌స్టేలకు, అంటే మాలా ఇంటి దగ్గరే అతిథులను ఉంచుకునేవాళ్లకు, కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంగ్లిషులో ఉంటే మా అమ్మాయి చదివి చెప్పింది. నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూసే యంత్రం, వేలికి పెట్టే ఆక్సీమీటరు, శానిటైజర్ డబ్బాలు కొన్నాం. అక్టోబర్ వానలకు పంట పోయింది, గదుల గోడలు ఉబ్బాయి. మళ్లీ సున్నం వేసి డిసెంబర్‌లో తెరిచాం. 2021 సంక్రాంతికి జనం బాగానే వచ్చారు. ఇక గట్టెక్కాం అనుకున్నాం.

ఏప్రిల్‌లో ఉగాదికి వచ్చిన కుటుంబమే ఆఖరు. మే నెలలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టే నాటికి మా ఇంట్లో నలుగురికి జ్వరం. మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లాం, తీసుకురాలేకపోయాం. అతిథులకు జొన్నరొట్టె ఎలా తట్టాలో చూపించింది ఆవిడే. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, రొట్టె పొంగితే చప్పట్లు కొట్టించేవారు. నగరం పిల్లలు వెళ్లేటప్పుడు కాళ్లకు దండం పెట్టేది ఆవిడకే.

ఊళ్లో ఏమన్నారో మీరు ఊహించగలరు. డబ్బుకు ఆశపడి పట్నం రోగాన్ని ఇంటికి తెచ్చుకున్నారన్నారు. పొదుపు సంఘంలో నా పక్కన కూర్చునే మనిషి రెండు నెలలు మా వాకిలి తొక్కలేదు. ఆమెను తప్పుపట్టను, ఆమె ఇంట్లోనూ ముసలివాళ్లున్నారు. ఆ జబ్బు అతిథుల వల్ల వచ్చిందో, రైతుబజారుకు వెళ్లి వచ్చిన నా వల్లే వచ్చిందో ఎవరూ చెప్పలేరు. తెలియని ఫోను నంబరు మోగినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. "గదులున్నాయా అండీ?" అని అడిగితే, ఉన్నాయి అనడానికి నోరు రాదు. మా ఆయన ఒక్క మాట కూడా అనరు, పొయ్యి వైపు చూస్తారు. ఆ పొయ్యి దగ్గర అత్తగారి పీట ఇంకా అలాగే ఉంది.

2022 సంక్రాంతికి ఒమిక్రాన్ అన్నారు. వస్తామన్నవాళ్లు మళ్లీ ఆగిపోయారు. తెరవడం, మూయడం, మళ్లీ సున్నం, మళ్లీ పరుపులు ఎండబెట్టడం, మళ్లీ డబ్బు తిరిగి పంపడం. ఎన్నిసార్లని చేస్తాం? పంట పోతే వచ్చే ఏడు మళ్లీ విత్తనం వేస్తాం, అది మాకు అలవాటే. ఇంటి తలుపు తెరిచి కొత్త మనిషిని లోపలికి రమ్మనడం వేరు. దానికి మనసు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజు కూడా నేను వడ్డీ కట్టి వచ్చాను.

ఇక కరెంటు మీటరు సంగతి. అతిథులకు గదులు ఇస్తున్నారు కనుక వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలన్నారు, తీసుకున్నాం. గదులకు తాళం వేసి ఉన్న నెలల్లో కూడా బిల్లు వచ్చింది. ఒక్క బల్బు వెలగలేదు, కనీస చార్జీ కట్టాం. రెండో విడత సాయం అడిగితే "నిర్ణీత గడువులో తనిఖీ జరగలేదు, గడువు దాటింది" అన్నారు. జరగని మాట నిజమే. కానీ ఆ గడువులో ఎవరూ ఇల్లు కదలవద్దని ఆదేశించింది ప్రభుత్వమే కదా! రోడ్డు మూసిన రోజులను మా తప్పు కింద లెక్కగట్టడం ఏ న్యాయం, మంత్రిగారూ?

ఆ పదకొండింటిలో రెండు కుటుంబాలు పొలాలు అమ్ముకున్నాయి. ఒకాయన తాను అమ్మిన పొలంలోనే లేచిన ఫామ్‌హౌస్‌కు కాపలా ఉంటున్నారు. శనివారం వచ్చిందంటే మా దారిలో కార్లకు లోటు లేదు, అన్నీ ఈతకొలనులున్న రిసార్టులకే పోతాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు. అంతమంది వస్తున్న దారిలో మా గదులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఎవరైనా అడగాలి కదా.

సదస్సులో పోచంపల్లి ఊరి ఫొటోలు చూపించారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినందుకు మేమూ సంతోషించాం. అక్కడ మగ్గం ఉంది, భూదానం చరిత్ర ఉంది. మా దగ్గర ఉన్నది పొలం, బావి, మనుషులు. 2025-30కి పర్యాటక విధానం ప్రకటించారు. పొరుగున మహారాష్ట్ర కరోనా ఏడాదిలోనే, 2020లో, వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానం తెచ్చింది. మన దగ్గర చేతులు కాల్చుకుని ఆగిపోయిన రైతుల గురించి ఎవరైనా ఆలోచించారా?

నేను అడిగేది పెద్దది కాదు. ఆగిన రెండో విడత ఇప్పించండి. లాక్‌డౌన్ నెలలను గడువు లెక్కలోంచి తీసేయండి. రైతు ఇంట్లోని ఒకటి రెండు గదులకు ఇంటి మీటరే ఉండనివ్వండి. మళ్లీ ఇలాంటి రోజులు వస్తే, ప్రభుత్వమే మూయమన్నప్పుడు అప్పు కిస్తీ సంగతి ఏమిటో ముందే చెప్పండి. ఇంకో సదస్సు మాత్రం వద్దు. దానికి బదులు, మానేసిన కుటుంబాల ఇళ్లకు ఒక మనిషిని పంపండి. ముఖ్యంగా ఆడవాళ్లతో మాట్లాడించండి, వండిందీ కడిగిందీ జబ్బు మనిషి పక్కన కూర్చున్నదీ వాళ్లే. అడిగితే చెబుతారు. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. దయచేసి ఆ రెండో విడత సంగతి చూడండి.

మా ఊరు దూరమైతే, మంగళ, శుక్రవారాల్లో పొద్దున్న ఆరు నుంచి పదకొండు వరకు మెహిదీపట్నం రైతుబజారులోనే ఉంటాను. ఎవరినైనా అక్కడికి పంపినా చాలు. మంజూరు పత్రం నకలు, నాలుగు అర్జీల రసీదులు, కరెంటు బిల్లులు అన్నీ కూరగాయల తక్కెడ పక్కన సంచిలోనే పెట్టుకుని వస్తున్నాను.

ఇట్లు,
చేవెళ్ల ప్రాంతపు ఒక మహిళా రైతు